మళ్ళీ కాచిన రసం

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో నలుగురున్నారు. పంచలో నులకమంచం మీద అవ్వ రెబెకమ్మ, గుడికి కట్టుకున్న తెల్లచీర మార్చకుండా కూర్చుంది. వంటింట్లో అమ్మ శీనమ్మ, చల్లారిన కోడికూరను మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కిస్తోంది. గడప మీద మేనమామ ప్రశాంత్. ఉదయగిరిలో సెల్‌ఫోన్ల కొట్టు మూసేసి, అక్క చేతి కూర తినిపోదామని వచ్చి, ఆకలితో మాటిమాటికీ వీధివైపు చూస్తున్నాడు. నాలుగో మనిషి కరుణశ్రీ, ఆ ఇంటి పిల్ల, పదో తరగతి. గుడి నుంచి తెచ్చిన చిన్న గాజుగ్లాసులను ఒక్కొక్కటే వెలుగుకు ఎత్తి చూసి, తుడిచి, చెక్కపెట్టెలో సర్దుతోంది.

ఇంటి ముందు పసుపుపచ్చ బడిబస్సు కూడా ఉంది. దాన్ని తోలే డేవిడ్‌రాజు మాత్రం లేడు. గుడిలో మిగిలిన పని చూసుకుని వస్తానన్న మనిషి, సంఘంలోవాళ్ళందరూ ఇళ్ళకు చేరి అన్నాలు తిని నిద్రకు పడినా రాలేదు.

పొద్దున మోటారుసైకిలు మీద పోయినవాడు, నడిచి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, వాటిని పక్కపక్కన సరిగ్గా పెట్టి, వంగినవాడు లేవకుండా ఒక నిమిషం అట్లాగే ఉండిపోయాడు.

"బండేదిరా?" అని అవ్వ అడిగింది.

"స్టేషన్లో ఉండాదమ్మా."

"స్టేషన్లో ఎందుకుండాది?"

"సెంటర్లో ఆపి ఊదించినారు. పోయినవారం లారీ గుద్ది మనుషులు పోయినారు గదా, అప్పట్నుంచి పగలు కూడా ఊదిస్తా ఉండారు." అతను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "ముప్పై దాటకూడదంట. నాకు నలభై దాటిందన్నారు. లైసెన్సు తీసిపెట్టుకున్నారు. శుక్రవారం ఉదయగిరి కోర్టుకు రమ్మన్నారు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. శీనమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "తాగినావా?" అంది. గొంతు పెంచలేదు.

డేవిడ్‌రాజు నోరు తెరిచేలోపే ప్రశాంత్ అందుకున్నాడు. "నువ్వుండక్కా. బావ యాడ తాగుతాడు, సంఘంలో పెద్దమనిషి. బావా, గుడిలో మిగిలిన రసమంతా నువ్వే గదా తాగేది?"

ఆ రోజు సంస్కారపు ఆదివారం. నెలకొకసారి గుడిలో అందరికీ ఒక రొట్టెముక్క, చిన్న గ్లాసుతో ద్రాక్షరసం ఇస్తారు. అది మందు కాదు, ఉడికించిన రసం. ఆ సంఘంలో మందు ముట్టేవాళ్ళకు చోటు లేదు. రసం కాచేది రెబెకమ్మ. కాచి పోసేటప్పుడు ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి గుడి జాడీలో పడి ఎరగరు. మిగిలినదాన్ని నేలమీద పారబోయకూడదు, మర్నాటికి దాచకూడదు. పాత్రలు కడిగేవాళ్ళే తాగెయ్యాలి. ఆ వారం జలదంకిలో పెళ్ళికని సగం ఊరు పోయింది. జాడీలో బాగానే మిగిలింది. పాత్రలు కడగడం డేవిడ్‌రాజు వంతు.

"ఊ" అన్నాడు డేవిడ్‌రాజు.

ఆ 'ఊ' రావడానికి కొంచెం సేపు పట్టిందని కరుణశ్రీ గమనించింది. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే మనిషి నాయన.

"అదే మరి! పులిసుంటది," ప్రశాంత్ లేచి నిలబడ్డాడు. "ఈ ఎండలకు ఏమైనా పులస్తది. పొద్దున్నుంచి ఉపాసం, ఖాళీ కడుపులో చెంబుడు రసం పోస్తే ఎక్కదా? బావ ఒక్క చుక్క మందు ముట్టలా. రసం పులిసింది, అంతే."

"ఏందిరా అబ్బాయా పులిసేది?" మంచం మీద నుంచి రెబెకమ్మ అంది. "నేను కాచిన రసమా?"

ప్రశాంత్ తల గోక్కున్నాడు. శీనమ్మ మాత్రం మొగుడివైపే చూస్తోంది. "గుడికీ ఇంటికీ మధ్యన సెంటరు రాదు గదా. అటెందుకు పోయినావు?"

"టైరుకు గాలి పెట్టించేదానికి," అన్నాడు డేవిడ్‌రాజు.

అన్నాలు తిన్నారు. కూర బాగుందని ఎవరూ అనలేదు.

సోమవారం పొద్దున, తెల్లవారకముందే లేచి డేవిడ్‌రాజు రోజూలాగే బస్సు కడిగాడు. అద్దానికి పాత న్యూస్‌పేపరు రుద్దాడు. కర్రతో టైర్లు ఒక్కొక్కటే కొట్టి, చెవి పెట్టి విన్నాడు. ఉదయగిరి బడివాళ్ళు పంపిన ఇంకో డ్రైవరు వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. దస్తగిరి అని, పాతికేళ్ళు కూడా లేవు.

"సారు చెప్పమన్నాడన్నా," దస్తగిరి ఇబ్బందిగా నవ్వాడు. "కోర్టులో తాగలేదని తేలితే బండి నీదేనంట. తాగినట్టు తేలిందంటే ఇంక రావద్దన్నాడు. పిల్లల బండి గదా."

"మూడో గేరు కొంచెం పట్టుకుంటది. బలవంతం చెయ్యబాక," అని డేవిడ్‌రాజు తాళాలు ఇచ్చాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఉదయగిరి కోర్టులో బండి కేసులు చూసే లాయరు సురేంద్రబాబు కాపురం ఆత్మకూరులో. ముందురోజు ప్రశాంత్ ఫోను చేసి మాట్లాడితే, రసం కాచిన పెద్దామెను కూడా తీసుకురమ్మన్నాడు. రెబెకమ్మకు చూపు ఆనదు, మెట్లు దిగాలంటే చెయ్యి పట్టుకోవాలి. అందుకని కరుణశ్రీ బడి మానింది. బస్సులో అవ్వ పక్కన కూర్చుని, కిటికీలోంచి చూస్తూ, ఆ పిల్ల ఒకే విషయం ఆలోచిస్తోంది. ఉడికించిన రసం మూడు రోజుల్లో పులుస్తుందా? పులిస్తే పైకి ఎలా కనిపిస్తుంది? ఆదివారం తానూ ఒక గ్లాసు తాగింది. తియ్యగానే ఉన్నట్టుంది. కానీ ఆ చిన్న గ్లాసు నోట్లో పడగానే కళ్ళు మూసుకుని ప్రార్థన చేయాలి. రుచి ఎవరు చూస్తారు?

లాయరు ఇంటి ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. సురేంద్రబాబు బనీను మీద చొక్కా తొడుక్కుంటూ వచ్చి, పోలీసులు ఇచ్చిన కాగితం చూసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"దీంట్లో రెండే దార్లు. తప్పయిందని ఒప్పుకుంటే ఫైను కట్టేసి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అందరూ అదే చేస్తారు. కానీ నీకు లైసెన్సు సస్పెండవుతుంది. బస్సు డ్రైవరువి కాబట్టి నీకది కుదరదు. అవునా?"

"అవును సార్."

"ఒప్పుకోకపోతే కారణం చెప్పాల. ఇప్పుడే ఏదన్నా పులిసింది నోట్లో పోసుకుని వెంటనే ఊదితే, కడుపులోదే కాదు, నోట్లో ఉండే తడి కూడా మిషన్లో పడుతుంది. ఆ మాట కోర్టులో నిలబడుతుంది. రక్తపరీక్ష అడిగినావా?"

"లేదు సార్."

"ఎందుకడగలా? తాగనోడు అడుగుతాడు గదా."

డేవిడ్‌రాజు కుర్చీ చెయ్యిని గోటితో గీస్తూ కూర్చున్నాడు. "తోచలేదు సార్" అన్నాడు.

లాయరు రెబెకమ్మవైపు తిరిగాడు. "పెద్దమ్మా, నీ రసం పులిసుంటదంటావా?"

"నేను కాచింది పులవదు నాయనా. కడిగి, ఉడకబెట్టి, పిండి, మళ్ళీ సలసలా కాగబెట్టి పోస్తాను. ఎన్ని ఏండ్లనుంచో కాస్తా ఉండా. ప్రభువు బల్ల మీద పులిసింది పెడతానా?"

సురేంద్రబాబు నవ్వాడు. ఎగతాళి చేసిన నవ్వు కాదు. "అయితే మీవాడు తాగినట్టే గదమ్మా. రెంటిలో ఏదో ఒకటి గదా."

బయట ఎవరో గేటు తీసి మళ్ళీ వేశారు. అవ్వ చెయ్యి తన చేతిలోనే ఉంది కాబట్టి, ఆ చెయ్యి ఒక్కసారి బిగుసుకుని వదులు కావడం కరుణశ్రీకి తెలిసింది.

"సరే, ఇట్టా చేద్దాం," లాయరు అన్నాడు. "ఇవాళే పండ్లు కొనుక్కునిపోయి, పోయినసారి ఎట్టా కాచినావో అట్టనే కాయి. అదే జాడీలో పొయ్యి. పోయినసారి బేస్తవారం కాచి ఆదివారం తీసినావు. ఇప్పుడు సోమవారం కాస్తే బేస్తవారానికి సరిపోతది. మీ పాస్టరుగార్ని, ఇంకో పెద్దమనిషిని పిలిచి తాగించండి. పులిసిందని వాళ్ళంటే వాళ్ళనూ నిన్నూ సాక్ష్యం పిలుస్తా. పులవలేదా, నాకు ఫోన్ చెయ్యండి. ఒప్పేసుకుందాం. నేను అబద్ధం చెప్పించను. నిజమైతేనే నిలబడతా."

ఆ మాట కరుణశ్రీకి చాలా నచ్చింది. బడిలో చేసే ప్రయోగంలాగే ఉంది. ఎవరూ వాదించుకోనక్కర్లేదు. జాడీయే చెప్తుంది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర నల్లద్రాక్ష కొన్నారు. ఇంటికి రాగానే రెబెకమ్మ కాళ్ళు కడుక్కుని పనిలో దిగింది. ఉప్పునీళ్ళలో పండ్లు కడిగింది. తొడిమలు తీయడం కరుణశ్రీ పని. చితికినదాన్ని, మచ్చ ఉన్నదాన్ని అవ్వ వేలితో తడిమి పక్కన పడేసేది. చూపు ఆనకపోయినా ఆ వేళ్ళకు అన్నీ తెలుసు. నీళ్ళు పోయకుండా గిన్నెలో సన్నని సెగ మీద పెట్టి, పండ్లు పగిలి రసం ఊరేదాకా కలియబెట్టి, పప్పుగుత్తితో మెదిపింది. తెల్లటి గుడ్డలో పోసి ఇద్దరూ చెరోవైపు పట్టి పిండారు. తొక్కలు, గింజలు అన్నీ గుడ్డలోనే ఉండిపోయాయి. రసంలో చక్కెర వేసి మళ్ళీ పొయ్యెక్కించి, తెర్లాక, వేడివేడిగా గుడి నుంచి తెప్పించిన జాడీలో పోసి గుడ్డతో వాసెన కట్టింది. ఒక గుత్తి పండ్లు మిగిలితే, ప్రశాంత్‌కని గూట్లో పెట్టింది.

అవ్వ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయినప్పుడు, గిన్నె అడుగున మిగిలిన రసాన్ని కరుణశ్రీ ఒక చిన్న దగ్గుమందు సీసాలో పోసుకుంది. ఆ సీసాను ముందే మరిగే నీళ్ళలో వేసి ఉంచింది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. జాడీ మూత మాటిమాటికీ తీయకూడదు కదా, సీసా అయితే బయటినుంచే కనిపిస్తుంది. సీసాను తన పుస్తకాల పెట్టె వెనక, జాడీకి బెత్తెడు దూరంలో పెట్టింది. ఒకే ఇల్లు, ఒకే గాలి, ఒకే కాపు.

మంగళవారం బడిలో, మధ్యాహ్నం గంట కొట్టాక, కరుణశ్రీ స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది. బయాలజీ చెప్పే సుకుమారి టీచరు డబ్బా మూత తీస్తూ తలెత్తి, "ఏం కరుణా? ఎవరైనా పడిపోయారా?" అంది. ఆ పిల్ల తనంతట తాను ఆ గుమ్మం దాకా రావడం ఎప్పుడూ చూడలేదు మరి.

"ద్రాక్షరసం ఎట్టా పులస్తది టీచర్?"

టీచరు అన్నం కలుపుతూనే చెప్పింది. నల్లద్రాక్ష మీద బూడిద రాసినట్టు ఒక పూత ఉంటుంది, చూశావా? ఆ తొక్క మీదే కంటికి కనపడని ఈస్టు కూడా ఉంటుంది. పండు చితికి తీపి తగిలితే అది తినడం మొదలుపెడుతుంది. అప్పుడు బుడగలొస్తాయి, మత్తు పుడుతుంది.

"ఉడకబెడితే టీచర్?"

"చచ్చిపోతుంది. మళ్ళీ బయటినుంచి పచ్చిది తగిలితే తప్ప తొందరగా పులవదు. పాత్ర సరిగ్గా కడగకపోయినా పులవచ్చనుకో. ఎందుకమ్మా?"

"ఊరికే టీచర్" అని వచ్చేసింది. 'పాత్ర సరిగ్గా కడగకపోయినా' అన్న మాటను ఇంటిదాకా మోసుకొచ్చింది. నాయన గుడి జాడీని ఎప్పుడూ హడావుడిగా కడుగుతాడు. అంటే పులవచ్చు. పులిస్తే నాయన చెప్పింది నిజం.

ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. శీనమ్మ పొగాకు కంపెనీ నుంచి ఇంకా రాలేదు. గూట్లో ద్రాక్షగుత్తి సగమే ఉంది.

"మామ వచ్చిపోయినాడా అవ్వా?"

"ఎవురూ రాలేదే" అని, వెంటనే, "చితికిపోతా ఉంటే ఏరేసినాలే" అంది రెబెకమ్మ.

బుధవారం ఆ ఇంట్లో విచిత్రమైన ప్రార్థన జరిగింది. మందు వాసన పడని ఆ కొంపలో, శీనమ్మ జాడీ ముందు మోకాళ్ళూని, రసం పులిసేటట్టు చూడు ప్రభువా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కరుణశ్రీకి నవ్వు వచ్చింది, పైట కొంగులాగా చున్నీ నోట్లో కుక్కుకుంది. ప్రశాంత్ కొట్టులోంచి గంట గంటకూ ఫోను చేస్తున్నాడు. "ఏమంటాదే జాడీ? మాట్లాడిందా?" డేవిడ్‌రాజు మాత్రం జాడీ ఉన్న మూలకే రావడం లేదు. దస్తగిరి తెచ్చి నిలిపిన బస్సు కింద దూరి, ఎవరూ చెప్పని రిపేరు ఏదో చేస్తూ కూర్చున్నాడు.

చీకటి పడేవేళ కరుణశ్రీ జాడీకి చెవి ఆనించింది. లోపల సన్నని చప్పుడు. ఉల్లిపాయ తరుగుతున్న చోటినుంచి శీనమ్మ, "ఏంది?" అంది.

"గుసగుసమంటా ఉండాదమ్మా."

శీనమ్మ వచ్చి చెవి పెట్టింది. తర్వాత మొగుణ్ణి పిలిచింది. అతను రాలేదు. రెబెకమ్మ మంచం మీదే ఉండి, "ముయ్యండి, గాలి తగలనీబాకండి" అంది.

గురువారం సాయంత్రం వాసెన విప్పేసరికి నురగ గుడ్డ దాకా పొంగి ఉంది. పుల్లటి ఘాటు ఇల్లంతా పాకింది. శీనమ్మ నవ్వుతూ ఏడ్చింది. ప్రశాంత్ జాడీని ఫోటో తీశాడు. కరుణశ్రీ గుండె ఎగిరి గంతేసింది. నాయన తాగలేదు. జాడీ చెప్పింది. ఆ సంతోషంలో సీసాను కూడా చూద్దామని పుస్తకాల పెట్టె వెనక్కి చెయ్యి పెట్టింది.

సీసాలో బుడగ లేదు. ఊపింది. లేదు. మూత తీసి వాసన చూసింది, ఉడికిన పండు వాసన. నాలిక మీద ఒక చుక్క వేసుకుంది. చక్కెర, ద్రాక్ష, అంతే. సోమవారం ఎలా ఉందో అలాగే ఉంది.

ఆమె సీసాను మళ్ళీ అక్కడే పెట్టి, చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చుంది.

పాస్టరు అయ్యగారు, సంఘపెద్ద పెంచలయ్య వచ్చారు. శీనమ్మ రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చింది. అయ్యగారు పెదవులకు ఆనించి, వెంటనే గ్లాసు దించేశారు. పెంచలయ్య ఒక గుక్క మింగి, మొహం చిట్లించి, ఎందుకో ఇంకో గుక్క కూడా మింగాడు.

"ఇది మందే అయ్యగారూ," అన్నాడు. "నిఖార్సయిన మందు."

అయ్యగారు రుమాలుతో మూతి తుడుచుకున్నారు. "నెలనెలా బిడ్డలకు కూడా మనం ఇదేనా పోసింది, రెబెకమ్మా?"

రెబెకమ్మ మంచం దిగి నిలబడింది. "ముసలిదాన్నయ్యగారూ. చెయ్యి తప్పుంటాది."

"సాక్ష్యానికి వస్తాను. మనవాడు తాగలేదని తేలింది, అది ముఖ్యం. కానీ ఇంకమీదట రసం నెల్లూరులో సీసాల్లో దొరికేది తెప్పిద్దాం. ఏమనుకోవద్దు."

"ఏమనుకుంటానయ్యగారూ. మీ ఇష్టం."

పెంచలయ్య గ్లాసుల పెట్టెను చంకన పెట్టుకున్నాడు. జాడీని ఖాళీ చేసి, కడిగి, ఆదివారం గుడికి పంపమన్నాడు. ఆ మాటలు జరుగుతున్నంతసేపూ డేవిడ్‌రాజు గుమ్మం బయట, వీపు ఇటు పెట్టి, బస్సు అద్దంలో తన మొహమో వెనకనున్న వీధో చూస్తూ నిలబడ్డాడు.

జాడీ కడిగే పని కరుణశ్రీకి చెప్పారు. పెరట్లో తొట్టి దగ్గర ఒంచితే, చివర్లో రసంతోపాటు మెత్తగా ఏదో అరచేతిలో పడింది. చితికిన పచ్చి ద్రాక్షలు. గింజలు ఇంకా లోపలే ఉన్నాయి, తొక్కలు గట్టిగా ఉన్నాయి. గుడ్డలో వడగట్టిన రసంలోకి అవి ఎలా వస్తాయి? గుప్పెడు ఉన్నాయి. రెబెకమ్మ గుప్పెడు చిన్నది.

వెనక అడుగుల చప్పుడైతే ఆమె చెయ్యి మూసింది. నాయన. అతని చేతిలో ఆ దగ్గుమందు సీసా ఉంది.

"నీ పుస్తకాల వెనక ఉండాది. ఏందిది?"

"రసం నాయనా."

"ఏ రసం?"

"సోమవారందే. అదే కాపుది. చూద్దామని పోసినా."

డేవిడ్‌రాజు మూత తిప్పాడు. మొదట వాసన చూశాడు. తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా కొంతసేపు ఉంచుకున్నాడు. మింగాక, ఆ మిగిలినది కూడా తాగేశాడు. పారబోయకూడదు కదా. తొట్టిలో సీసాను ముంచి, వేలు పెట్టి కడిగి, బోర్లించి ఆరబెట్టాడు. ఎంత నిదానంగా చేశాడంటే, ఆ సీసా కడగడం తప్ప ఇక బతుకులో ఇంకో పని లేనట్టు చేశాడు.

"నాయనా" అంది కరుణశ్రీ.

"చీకటి పడతాంది. లోపలికి పోమ్మా," అన్నాడు. ఆమె మొహంవైపు చూడలేదు.

శుక్రవారం ఉదయగిరి కోర్టు వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. వాళ్ళ కేసు పిలిచేసరికి ఎండ కొండ మీద నుంచి వరండాలోకి దిగింది. బోనెక్కించాక రెబెకమ్మను ప్రమాణం చేయమన్నారు.

"ప్రమాణం చెయ్యనయ్యా. చెయ్యొద్దని మాకు వాక్యం. అడగండి, చెప్తా."

జడ్జిగారు సరేనన్నారు. ఇటువైపు సురేంద్రబాబు అడిగాక, అటువైపు లాయరు అడిగాడు. "ఆదివారం ఇచ్చిన రసం పులిసిందని నీకెట్టా తెలుసు?"

"నేను తాగింది చిన్న గ్లాసయ్యా. ముసలి నాలిక. నాకేం తెలియలేదు. సోమవారం మళ్ళీ కాచినాను. అదే జాడీలో పోసినాను. బేస్తవారం విప్పితే పొంగి ఉండాది. పులిసిందని అయ్యగారన్నారు. పెంచలయ్య కూడా అన్నాడు."

గోడ పక్కన నిలబడ్డ కరుణశ్రీ, అవ్వ చెప్పిన మాటలను ఒక్కొక్కటే, గాజుగ్లాసులను వెలుగుకు ఎత్తి చూసినట్టు చూసింది. ఒక్కదానిలో కూడా మచ్చ కనిపించలేదు. అన్నీ నిజాలే. అంత జాగ్రత్తగా నిజం చెప్పడం ఎంత కష్టమో, చెమటకు తడిసిన ఆ తెల్లరవిక వీపు చూస్తే తెలుస్తోంది.

పాస్టరుగారు చెప్పారు. పెంచలయ్య చెప్పాడు. రక్తపరీక్ష కావాలని ఇతనూ అడగలేదు, వాళ్ళూ చేయించలేదు, అనుమానానికి చోటుంది కాబట్టి కేసు కొట్టేస్తున్నామని జడ్జిగారు ఇంగ్లీషులో చదివి, తెలుగులో రెండు ముక్కల్లో చెప్పారు. డేవిడ్‌రాజు చేతులు జోడించాడు. దించడం మరిచిపోతే సురేంద్రబాబే పట్టి దించాడు.

లైసెన్సు చేతికొచ్చింది. చొక్కా పైజేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకుని, మళ్ళీ తీసి చూసుకున్నాడు. ప్రశాంత్ అందరికీ చెరుకురసం తాగిద్దామన్నాడు. "ఇంకేం రసమైనా సరే గానీ ద్రాక్ష మాత్రం వద్దు బావోయ్" అంటే శీనమ్మ ఐదు రోజుల తర్వాత మొదటిసారి పగలబడి నవ్వింది.

ఊరికి పోయే షేరింగ్ ఆటోలో ముందు సీట్లో ప్రశాంత్, శీనమ్మ. వెనక అవ్వ, నాయన, మధ్యలో కరుణశ్రీ. ఆటో చప్పుడుకు ముందువాళ్ళకు వినిపించదు. దారిలో చాలాసేపటి తర్వాత, రోడ్డువైపు చూస్తూనే రెబెకమ్మ అంది: "డేవిడూ."

"అమ్మా."

"ఇంకోసారికి నా దగ్గర జాడీ లేదురా."

డేవిడ్‌రాజు తల మోకాళ్ళ మీదికి వంచుకున్నాడు. అతని భుజం ఆటో కుదుపులకు కదులుతోందో, తనంతట తానే కదులుతోందో, ఆనుకుని కూర్చున్న కరుణశ్రీకి కూడా తెలియలేదు.

ఇంటి దగ్గర దస్తగిరి బస్సు నిలిపి తాళాలు పట్టుకుని కాచుకుని ఉన్నాడు. "సారు ఫోన్ చేసినాడన్నా. రేపట్నుంచి నువ్వేనంట. నువ్వు చెప్పింది నిజమేన్నా, మూడో గేరు పట్టుకుంటా ఉండాది." డేవిడ్‌రాజు తాళాలు తీసుకుని, అప్పుడే బక్కెట్టుతో నీళ్ళు తెచ్చి బస్సు కడగడం మొదలుపెట్టాడు. పక్కింటి వెంకమ్మ గోడమీదుగా, "తెలుసులే మాకు, డేవిడ్‌రాజు బంగారంలాంటోడు. ఆ ముసలామె రసమే కొంప ముంచేది" అంది. అందరికీ వినిపించింది. అవ్వకు కూడా.

రెబెకమ్మ తన చిన్న గదిలోకి పోయింది. తెల్లచీర విప్పి, ఇంటిచీర కట్టుకుని, విప్పినదాన్ని ఒళ్ళో పెట్టుకుని మడతలు వేస్తోంది. కరుణశ్రీ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. పొద్దున్నుంచి, కాదు, నిన్న సాయంత్రంనుంచి దాచుకున్న మాటను బయటపెట్టింది.

"అవ్వా. జాడీలో పచ్చి పండ్లుండినాయి."

మడత వేస్తున్న చేతులు ఆగలేదు. "చూసినావా?"

"చేతిలో పడినాయి."

"ఏం చేసినావు?"

"పూలమొక్క కింద పూడ్చినాను. ఎవురికీ చెప్పలేదు."

"జాడీ బాగా కడిగినావా?"

"కడిగినాను. మూడుసార్లు తొలిచినాను."

"మంచిది," అంది రెబెకమ్మ. చీర అంచులు సరిచేసింది. లేచి, గోడ పట్టుకుని, గుమ్మం దాకా వచ్చింది. ఆనని ఆ కళ్ళు మనవరాలి మొహాన్ని వెతుక్కుని, దొరికాక అక్కడే నిలిచాయి. బయట బస్సు మీద నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక చెంబు, కాసేపు ఆగి, ఇంకో చెంబు.

"మరి ఆదివారం..." కరుణశ్రీ గొంతు తగ్గించింది. "ఆదివారం నాయన సెంటరుకు..."

అవ్వ ఆ పిల్ల చెంపమీద అరచెయ్యి పెట్టింది. ద్రాక్షమరక ఇంకా వదలని ఆ చెయ్యి చల్లగా ఉంది. తర్వాత చెయ్యి తీసి, తలుపు వేసుకుంది.